వసారా కప్పు వేరే

కావలి రేకుల కొట్టులో
ఫ్యాను నా వైపు తిప్పాడు షావుకారు.
నీలం, ఇటిక రంగు, పాచి రంగు,
చీరలు పరిచినట్టు రేకులు పరిచాడు.
ఏ గాలికైనా చెక్కు చెదరదమ్మా, అన్నాడు.
ఏ గాలికి? అన్నాను.
అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మా తుమ్మలపెంటలో
పొద్దుటి కొండగాలి వేరు,
ఎండిన మెత్తళ్ల వాసన మోసుకొచ్చే పైరగాలి వేరు.
వాయుగుండం నాటి గాలికి వేళ్లుంటాయి.
చూరు కింద తడుముతుంది,
ఏ మేకు వదులో చూసుకుంటుంది,
దొంగ తాళం చూసుకున్నట్టు.

పోయిన కార్తీకంలో సుందరం ఇంటి రేకొకటి లేచి
రొయ్యల గుంటల మీదుగా పోయి
ఎవరిదో కొబ్బరిచెట్టు తల తెగ్గోసింది.
మూడోనాటికి సుందరం పెళ్లాం
దాన్ని ఈడ్చుకొచ్చి దానిమీదే చేపలెండేసింది.

శ్లాబు వేయిద్దామంటాడు మా ఆయన
పడవమీది నుంచి, సిగ్నలు దొరికిన నిమిషంలో.
ఆ పక్క వీధి శ్లాబు చూడు, అన్నాను.
ఉప్పుగాలి సిమెంటు తినేసి
కడ్డీలు బయటపడ్డాయి, బక్కగొడ్డు డొక్కలాగా.
ఆ మాట విన్నాడో లేదో, ఫోను తెగింది.

అప్పుడు పోయాను మస్తానయ్య తాత దగ్గరికి.
ఈ తీరంలో సగం చుట్టిళ్లు ఆయన చేతి కప్పులే.
తాటాకు మాత్రం అడగబాక అమ్మీ, అన్నాడు ముందే.
చెట్టెక్కేవాడు లేడు,
కప్పు నేసేది నేనొక్కణ్ణి,
నాకేమో మోకాళ్లు లేవు.

మా అమ్మది చుట్టిల్లే.
చూరు నడుం దాకా దిగి ఉండేది,
కరణమొచ్చినా వంగే రావాల.
తుపానని చాటింపు వేస్తే
కప్పుమీద పాత వల పరిచి
చుట్టూ లంగరు రాళ్లు వేలాడగట్టేది అమ్మ.
వలలో పడ్డామని తమ్ముడు ఒకటే ఏడుపు.
ఈ రేత్రికి వలలో ఉన్నోళ్లే బతికేది, పడుకో, అనేది.

తాత బీడీకట్ట కాయితం చింపి
కింది పెదవికి ఆనించుకుని
దాని పైనుంచి ఊదాడు.
వేలాడే కాయితం ఇంకా కిందికి పోవాల గదా?
పైకి లేచింది.
మళ్లీ ఊదాడు. మళ్లీ లేచింది.
చూశావా, గాలి కప్పుని తొక్కదు, పీలుస్తది.
పైన ఏమేస్తావని అడగబాక.
అది కింద దేన్ని పట్టుకోనుండాదో అడుగు.

బొగ్గుతో నేలమీద గీశాడు:
రెండు వాలులొద్దు, రెండు పక్కలా
గోడ తలకాయలు గాలికి దొరికిపోతయి.
నాలుగు వాలులు పెట్టు.
నిటారుగా వద్దు, చదునుగా వద్దు,
చాటలో బియ్యం చెరిగేటప్పుడు
నీ చెయ్యి ఎంత వంచుతావో అంత.
చూరు జానెడు దాటితే నాకు చెప్పబాక, అన్నాడు.

కొట్టుకి మళ్లీ పోయాను.
రేకులకన్నా ఇనప పట్టీలకీ బోల్టులకీ
ఎక్కువ డబ్బులు లెక్కపెడుతుంటే
షావుకారు నా మొహం వంక చూశాడు.
వాసం నుంచి దూలానికి, దూలం నుంచి స్తంభానికి,
స్తంభం నుంచి పునాదికి,
మొలతాడు కట్టినట్టు కట్టించాను.

మేస్త్రీ ఒక్కచోట ఆగాడు.
ఇదే వాలు వసారా మీదికి లాగేస్తే
ఖర్చు కలిసొస్తది గదక్కా?
వద్దు. వసారా కప్పు వేరే.
దాని దూలం దానిది, దాని మేకులు దానివి.
గాలి మరీ పట్టుబడితే అదిచ్చేస్తాను,
ఇంటి కప్పుని దాంతో పోనివ్వను.

ఇంటికి పాచి రంగు వేయించాను, చవగ్గా వచ్చింది.
వసారాకి నీలం.

వేట నుంచొచ్చి మా ఆయన
తల పైకెత్తి చాలాసేపు చూశాడు.
పోయేదానికా అంత మంచి రంగు? అన్నాడు.

ఉన్నన్నాళ్లు
కూచునేది దాని కిందే గదా, అని
ఆయనకి మంచినీళ్లు తెచ్చిచ్చాను.